మెస్సు మేడ మీద నాలుగు నాటకాలు: చిన్న గదిలో ఒక సీజన్ నడపడం ఎలా

నెల్లూరు రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో మా తమ్ముడి మెస్సు ఉంది. కింద భోజనాల హాలు, పైన ఒక పొడవాటి గది. పొడవు 38 అడుగులు, వెడల్పు 20. మొన్నమొన్నటి దాకా అందులో బియ్యం బస్తాలు, విస్తరాకుల కట్టలు, పెళ్ళిళ్ళకు పట్టుకెళ్ళే గుండిగలు ఉండేవి. ఇప్పుడు ఏటా సంక్రాంతి వెళ్ళగానే వాటన్నిటినీ వెనక షెడ్డులోకి దించుతాం, కిటికీలకు నల్లగుడ్డ కడతాం, 46 మంది కూర్చోవడానికి చోటు చేస్తాం. మార్చి చివరి దాకా అది నాటకశాల. ఈ జనవరిలో మా నాలుగో సీజన్ మొదలవుతుంది. కావలి నుంచి, ఒంగోలు నుంచి, పొదిలి నుంచి వచ్చి చూసినవాళ్ళు తమ ఊళ్ళో ఇలాంటిది పెట్టాలంటే ఏం చేయాలని అడుగుతున్నారు. అందరికీ ఫోనులో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. 22 ఏళ్ళు పరిషత్తు నాటికల్లో, అంటే నాటక పోటీల్లో ఆడే చిన్న నాటకాల్లో నటించాను. మూడు నెలలు రిహార్సల్ చేసిన నాటికను మూడు నాలుగు చోట్ల ఆడేవాళ్ళం. ముందు వరుసలో న్యాయనిర్ణేతలు, వాళ్ళ వెనక తోటి నాటక సమాజాల నటులు, ఆ వెనక ఖాళీ కుర్చీలు. బహుమతి వచ్చినా రాకపోయినా ఆ నాటిక అక్కడితో అటకెక్కేది. మా వీధిలో పాలు పోసే ఆవిడ గాని, మా మెస్సులో రోజూ తినే మందుల కంపెనీ కుర్రవాళ్ళు గాని దాన్ని ఎన్నడూ చూడలేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ దారిలో వచ్చిన పరిషత్తులే లేకపోతే తెలుగు నాటిక ఈపాటికి మాయమయ్యేది. ఆ రుణం నేను మరవను. అయినా పోటీకి ఆడే ఆట వేరు, ఊరికి ఆడే ఆట వేరు. ఊరికి ఆడాలంటే ఫలానా రోజున, ఫలానా గంటకు, ఫలానా చోట నాటకం ఉండితీరుతుందని జనానికి నమ్మకం కుదరాలి. నాలుగు నాటకాలను ఒకేసారి ప్రకటించి, తేదీలు అచ్చువేసి, ఒక్కటి కూడా తప్పకుండా ఆడటం ఆ నమ్మకం కోసమే.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. లండన్‌లో ఇలాంటి వాటిని పబ్ థియేటర్లు అంటారు. 1970లో ఇస్లింగ్టన్ పేటలో కింగ్స్ హెడ్ అనే పబ్బు వెనక గదిలో డాన్ క్రాఫర్డ్ నాటకాలు వేయించడం మొదలుపెట్టాడు. 1972లో షెపర్డ్స్ బుష్‌లో మరో పబ్బు మేడ మీద బుష్ థియేటర్ పుట్టింది. ఇవన్నీ ఫ్రింజ్ కిందికి వస్తాయి. ఫ్రింజ్ అంటే అంచు. 1947లో స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో పెద్ద కళల ఉత్సవం జరిగినప్పుడు పిలుపు రాని ఎనిమిది నాటక సమాజాలు తమంతట తామే వెళ్ళి ఉత్సవం అంచున నాటకాలు ఆడాయి. ఆ పేరు అక్కడి నుంచి స్థిరపడింది. వెంకటగిరి చీర కొనేవాళ్ళు ముందు అంచునే చేతిలోకి తీసుకుని చూస్తారు కాబట్టి ఆ మాట నాకు చాలా నచ్చింది.

పబ్ థియేటర్ లెక్క సులభంగా ఉంటుంది. ఖాళీగా పడి ఉన్న గది నాటకం వాళ్ళకు తక్కువకు దొరుకుతుంది, నాటకానికి వచ్చినవాళ్ళు కింద కూర్చుని ఖర్చుపెడతారు. ఆ లెక్కను మన ఊరికి తెచ్చుకోవాలంటే మద్యం దుకాణం అక్కరలేదు. పైగా ఈ జిల్లాలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు లేచి సారా దుకాణాలు మూయించిన ఊరు అది. అలాంటి జిల్లాలో తల్లీకూతుళ్ళు కలిసి నాటకానికి రావాలంటే కింద బారు ఉండకూడదని నేను మొదటి రోజే నిర్ణయించుకున్నాను. నెల్లూరుకు మెస్సులకేం కొదవ? చేపల పులుసు వాసన మెట్లెక్కి వస్తుంటే నాటకం చూసి, కిందికి దిగి వేడి అన్నం తిని వెళ్ళడం కన్నా మంచి సాయంత్రం నాకు తెలియదు.

గది

గది చూడటానికి పగలు వెళ్ళకండి. నాటకం ఆడబోయే గంటకే వెళ్ళి, ఒక మూల నిలబడి మామూలు గొంతుతో నాలుగు మాటలు చెప్పండి. ఎదుటి మూలలో ఉన్నవాళ్ళకు ప్రతి మాటా వినిపించాలి. ఉత్త గోడలున్న గదిలో మాట మోగుతుంది. మా గదిలో మొదటి వారం అదే జరిగింది. వెనక గోడకు పాత బొంతలు వేలాడదీసి, వాటి మీద నల్లగుడ్డ కప్పాక మాట తేటపడింది. ఖర్చేమీ లేదు, బొంతలు ఇళ్ళలో ఉన్నవే.

మధ్యలో స్తంభం ఉన్న గదిని వదిలేయండి. స్తంభాన్ని కూడా నాటకంలో వాడుకోవచ్చని దర్శకులు ధైర్యం చెబుతారు. దాని వెనక కూర్చున్నవారికి ఆ ధైర్యం పనికిరాదు.

రెండు దారులు తప్పనిసరిగా ఉండాలి. కింద గ్యాస్ పొయ్యిలు మండుతుంటాయి, పైన 46 మంది చీకట్లో కూర్చుంటారు. మా గదికి మొదట ఒకటే మెట్ల దారి ఉండేది. వెనకవైపు ఇనుప మెట్లు పెట్టించేవరకు ఒక్క ఆట కూడా వద్దని నేను పట్టుబట్టాను. తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వెల్డింగ్ మేస్త్రీని వాడే తీసుకొచ్చాడు. సిలిండర్లు మెట్ల కింద ఉంటే ముందు వాటిని అక్కడి నుంచి తీయించండి. ఈ ఒక్క విషయంలో మొహమాటానికి తావివ్వకండి.

కూర్చునే ఏర్పాటు ఇలా చేశాం. ఆడే చోటు 16 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు. ఎత్తైన వేదిక లేదు, నేలే వేదిక. దాని ముందు రెండు వరుసలు జంపఖానా మీద, ఆ వెనక ఒక వరుస పొట్టి బల్లల మీద, తర్వాతి రెండు వరుసలు కుర్చీల్లో. చివరి వరుస కుర్చీలను అడుగు ఎత్తున్న చెక్క అరుగు మీద వేస్తాం. ఇలా నేల నుంచి వెనక్కి ఎత్తు పెరిగితే ఎవరి తలా ఎవరికీ అడ్డురాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కుర్చీలు, పిల్లలకు జంపఖానా. కుర్చీ వరుసల మధ్య మూడడుగులు వదలండి. చీకట్లో ఒకరు లేచి వెళ్ళవలసి వస్తే నలుగురూ లేవకూడదు.

నాటకాల ఎంపిక

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికివ్వండి. మేము ఆరు నెలలు చదువుతాం, రెండు నెలలు ఆడతాం.

చిన్న గదికి సరిపోయే నాటకం చేతికి రాగానే తెలిసిపోతుంది. పాత్రలు నాలుగు దాటవు. కథ ఒకేచోట, ఒకే పూటలో నడుస్తుంది. అందులో చేతులతో చేసే పని ఏదో ఒకటి ఉంటుంది: బియ్యం ఏరడం, జాకెట్టు కుట్టడం, పెట్టె సర్దడం. పెద్ద వేదిక మీద కనబడని ఈ పనులే ఇక్కడ కథ చెబుతాయి. రెండో సీజన్లో అత్తాకోడళ్ళ నాటిక ఒకటి వేశాం. ఇద్దరూ గంటసేపు పూలు కడుతూ మాట్లాడుకుంటారు. ఒకచోట కోడలు ఏ మాటా అనకుండా దారం గట్టిగా లాగుతుంది, దారం తెగుతుంది. జంపఖానా మీద కూర్చున్న ఒకావిడ తన నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. అంత దగ్గరలో దారం తెగిన చప్పుడు కూడా డైలాగే.

అరుపులతో నడిచే నాటకం, చివర్లో అందరూ వరుసగా నిలబడి సందేశం చెప్పే నాటకం ఈ గదిలో నిలబడవు. ఎంత గొప్ప బహుమతి వచ్చినదైనా సరే పక్కన పెట్టండి.

నాలుగింటిలో కనీసం రెండు కొత్తవి, ఈ ప్రాంతంవాళ్ళు రాసినవి ఉండాలని మా నియమం. వేదం వెంకటరాయశాస్త్రి గారు నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించారు. పాత్ర ఎవరో దాన్నిబట్టే మాట ఉండాలని నమ్మి అలాగే రాసిన మనిషి ఆయన. ఆ ఊళ్ళో నాటకం ఆడుతూ చీమకుర్తి క్వారీలో పనిచేసేవాడి చేత, కందుకూరు పొగాకు రైతు చేత పాఠ్యపుస్తకం భాష మాట్లాడిస్తే ఆయనకు మొహం ఎలా చూపిస్తాం? రచయితకు నేను మొదట చెప్పేది ఒకటే: మీ పాత్ర మాటలు మీరే పైకి చదవండి, నాలుక ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయండి.

మరొకటి పాతది. గురజాడ 1915లోనే పోయారు, అలాంటివారి రచనలకు ఎవరి అనుమతీ అక్కరలేదు. మన కాపీరైట్ చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది. ఇంకొకటి ఒకే నటి గాని నటుడు గాని ఆడే ఏకపాత్ర. దానికి ఖర్చు తక్కువ, భారం ఎక్కువ. మీ దగ్గరున్న అందరికన్నా మంచి నటికి ఇవ్వండి.

వరుస కూడా ఆలోచించుకోండి. బాగా నలిగిన నాటకంతో సీజన్ మొదలుపెట్టాలి. కొత్త రచనను రెండో స్థానంలో పెట్టండి. అప్పటికి గది అలవాటవుతుంది, మొదటిది చూసినవాళ్ళు నలుగురికి చెప్పి ఉంటారు. ఏకపాత్ర మూడోది. చివరిది పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ వచ్చేది కావాలి. బడులకు వేసవి సెలవులు దగ్గరపడి, ఊళ్ళో అందరి మనసూ కాస్త తేలికపడే రోజులవి.

తేదీలు

మొదటి సీజన్ నవంబరులో పెట్టి దెబ్బతిన్నాం. ఈ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు వాయుగుండాలు. వరుసగా మూడు ఆటలు రద్దయ్యాయి. రెండు రోజులు కరెంటు లేదు, మెట్ల మీదికి నీళ్ళు, కట్టిన నల్లగుడ్డకు బూజు. అప్పటి నుంచి జనవరి చివరి శనివారం మొదలుపెట్టి మార్చి చివర్లో ముగిస్తున్నాం. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, దానికి దగ్గరపడిన ఆదివారం ఆఖరి ఆట. ఫిబ్రవరి చివరి నుంచి ఇంటర్ పరీక్షలు, మార్చిలో పదో తరగతి. కాబట్టి కాలేజీ పిల్లలు నటించేది మొదటి నాటకమే కావాలి. శివరాత్రి ఏ వారంలో పడిందో చూసి ఆ రోజు వదిలేయండి.

ఒక్కో నాటకం రెండు వారాంతాలు, శని ఆదివారాలు, మొత్తం నాలుగు ఆటలు. నాలుగు నాటకాలకు 16 ఆటలు. ఒక్క ఆటతో సరిపెట్టుకోకండి. మొదటి ఆటకు బంధువులు వస్తారు, వాళ్ళు చెప్పిన మాట మీద వచ్చేది రెండో వారం వాళ్ళు. నటులకు పాత్ర పట్టుబడేది కూడా మూడో ఆటకే. 22 ఏళ్ళలో నేను ఏ పాత్రనూ వరుసగా నాలుగుసార్లు ఒకే చోట ఆడలేదు. ఈ గదిలో మొదటిసారి ఆడాను. నాలుగో ఆట నాడు ఆ పాత్ర నాకు తెలియని విషయం ఒకటి చెప్పింది. అరవై దగ్గరపడ్డాక నేర్చుకున్న ఆ పాఠాన్ని చిన్నవాళ్ళకు ఇరవైలోనే దొరికేలా చేయాలని నా కోరిక.

గంట సాయంత్రం 6:30. నిడివి 75 నిమిషాలు దాటకూడదు, విరామం లేదు. ఎనిమిదికల్లా అందరూ కింద భోజనాల దగ్గర ఉంటారు. మెస్సులో అసలు రద్దీ ఆ తర్వాతే కాబట్టి తమ్ముడికీ ఇబ్బంది లేదు.

నాలుగడుగుల దూరం

పరిషత్తు నటులకు ఈ గది మొదట కష్టంగా ఉంటుంది. మనం నేర్చుకున్నది గొంతును చివరి వరుస దాకా విసరడం. వేలాడే మైకు ఎక్కడుందో చూసుకుని దాని కింద నిలబడటం కూడా ఒంటికి పట్టిపోయిన అలవాటే. ఇక్కడ మైకు లేదు. చూసేవాళ్ళు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. కనుబొమ్మ ఎగరేస్తే అది పెద్ద సైగ అవుతుంది. అందుకని మొదటి వారం రిహార్సల్స్‌లో నటులను నిలబడనివ్వం. జంపఖానా మీద ఎదురెదురుగా కూర్చుని, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాటలు చెప్పిస్తాం. లేవాలని ఒంటికే అనిపించిన చోట లేవనిస్తాం.

మా దగ్గరికి ఒక పెద్దాయన వస్తారు. అందరం బాబాయి అని పిలుస్తాం. నలభై ఏళ్ళు పద్యనాటకాలు ఆడారు. ఆయన రాగం తీస్తే తెల్లవార్లూ తిరునాళ్ళలో జనం కదలకుండా కూర్చునేవారు. గత సీజన్లో ఒక నాటకంలో ఆయనది పాత నటుడి పాత్ర. మనవరాలికి జ్వరం వస్తే మంచం పక్కన కూర్చుని ఒక పద్యం పాడాలి. మొదటి రిహార్సల్లో హార్మోనియం ఉన్నట్టే ఎత్తుకున్నారు, కిటికీ అద్దాలు అదిరాయి. “బాబాయ్, పాప నిద్రపోతోంది” అన్నాను. ఆయన ఆగి, నా వంక చూసి, కళ్ళు మూసుకుని అదే పద్యాన్ని గొంతు దాటీ దాటని స్వరంతో పాడారు. రాగం ఎక్కడా చెదరలేదు. ఆట నాడు ఆ పద్యం అయ్యాక చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాలని ఎవరికీ తోచలేదు. తర్వాత ఆయన మేకప్ తుడుచుకుంటూ, “ఇంత దగ్గరగా నా పద్యం ఎవరూ వినలేదమ్మా” అన్నారు. పద్యనాటకం వాళ్ళు చిన్న గదికి పనికిరారని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రాంప్టింగ్ ఉండదు, మరిచిపోయిన మాట ఎవరూ అందించరు. వేదిక పక్కన వింగులు లేవు, దాక్కుని అందించడానికి చోటే లేదు. కాబట్టి ఆటకు మూడు వారాల ముందే కాగితం చేతిలోంచి తీసేయండి. మేకప్ బాగా తగ్గించాలి. జిగురుతో అంటించిన మీసం ఇంత దగ్గరలో జిగురుతో అంటించినట్టే కనిపిస్తుంది. మీసం కావాలంటే పెంచుకోమంటాం. నెరిసిన తల కావాలంటే నెరిసిన తల ఉన్నవారినే వెతుకుతాం.

సెట్టు కట్టకండి. నులక మంచం, రెండు స్టూళ్ళు, ఒక ట్రంకుపెట్టె, అంతే. ఉన్న నాలుగు వస్తువులూ మాత్రం నిజమైనవి కావాలి. తినే సన్నివేశం ఉంటే కింది నుంచి పొగలు కక్కే అన్నమే తెప్పిస్తాం. ఉత్త కంచంలో చెయ్యి తిప్పితే అందరికీ తెలిసిపోతుంది.

లైట్ల సంగతి ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని లెక్క వేసుకోండి. వెయ్యి వాట్ల హాలోజన్ లైటు ఒక్కటే నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. అలాంటివి నాలుగు వెలిగిస్తే మేడ మీది మామూలు వైరింగు తట్టుకోదు. రంగస్థలానికి వాడే ఎల్‌ఈడీ పార్ లైట్లు ఆరు కలిపినా దాదాపు ఒక్క హాలోజన్ అంత కరెంటుతో వెలుగుతాయి, వేడీ తక్కువ. కింద గ్రైండరు, ఫ్రిజ్‌లు నడిచే లైను నుంచి కాకుండా మీటరు నుంచి వేరే లైను లాగించుకోండి. లైట్లను నటుల కళ్ళకు సూటిగా కాక, పక్క నుంచి ఏటవాలుగా పెట్టండి. ప్రేక్షకుల కళ్ళలో మాత్రం అస్సలు పడకూడదు. మార్చిలో ఫ్యాన్లు లేకుండా కూర్చోబెట్టడం అన్యాయం. పాత ఫ్యాన్ల కీచుమనే చప్పుడుకు మాటలు పోతున్నాయని బేరింగులు మార్పించాం. 

రైలు చప్పుడును మాత్రం ఎవరూ ఆపలేరు. చెన్నై, విజయవాడల మధ్య ప్రధాన మార్గం ఇది, నాటకం జరిగే గంటలో ఏదో ఒక రైలు పోతూనే ఉంటుంది. అందుకని రిహార్సల్స్ అదే గదిలో, అదే గంటకు చేస్తాం. రైలు వచ్చినప్పుడు పాత్రలోనే ఉండి, చేతిలో పని సాగిస్తూ, చప్పుడు తగ్గేదాకా ఆగడం నటులకు అలవాటైంది. మీ గది పక్కన రైలు లేకపోతే గుడి మైకో, మసీదు అజానో, బస్టాండు హారనో ఉంటుంది. దానితో పోట్లాడకండి, దానికి చోటివ్వండి.

డబ్బు, కాగితాలు

గది యజమాని సొంత తమ్ముడైనా ఒప్పందం కాగితం మీద పెట్టండి. మాది ఒక పేజీ. అద్దె లేదు, కరెంటు ఖర్చు మాది. 6:30 నుంచి 7:45 వరకు గ్రైండరు వేయరు, కుక్కరు పెట్టరు, స్టీలు కంచాలు విసరరు. సీజన్ ముగియగానే గది ఉన్నది ఉన్నట్టు అప్పగిస్తాం. మొదటి సీజన్లో నోటిమాటతో సరిపెట్టుకున్నందుకు ఒక విషాద సన్నివేశంలో కుక్కరు మూడు కూతలు కూసింది. నటి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి పాత్రవి కావు.

ఏడుగురు కలిస్తే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘంగా నమోదు కావచ్చు. అప్పుడు బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద ఉంటుంది, లెక్క అందరికీ కనబడుతుంది. టికెట్టు ధర 500 రూపాయలు దాటకపోతే నాటకానికి జీఎస్‌టీ లేదు.

జీవించి ఉన్న రచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఔత్సాహిక సమాజాలు డబ్బు తీసుకోకుండా ఆడే ప్రదర్శనలకు చట్టంలో మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకుని టికెట్టు పెట్టిన ఆటకు కూడా అనుమతి అక్కరలేదని కొందరు అనుకుంటారు. అది తప్పు. పైగా రచయితకు డబ్బు ఇవ్వడం మర్యాద. మేము ముందు రచయితకిచ్చాకే మిగతా ఖర్చులు లెక్కపెడతాం. సినిమా పాటల రికార్డులు వాడం. వాటికి వేరే లైసెన్సులు కావాలి, పైగా తెలిసిన పాట మొదలవగానే ప్రేక్షకుల మనసు సినిమాలోకి వెళ్ళిపోతుంది. ఒక డప్పు, ఒక వేణువు మాకు చాలు.

గత సీజన్ లెక్క దాచకుండా చెబుతాను. టికెట్టు 100 రూపాయలు, విద్యార్థులకు 50. మొత్తం 16 ఆటలకు 512 టికెట్లు అమ్ముడయ్యాయి. 360 పెద్దవి, 152 విద్యార్థులవి. వచ్చింది 43,600. లైట్ల అద్దె ఆటకు 600 చొప్పున 9,600. ముగ్గురు రచయితలకు మూడేసి వేలు, 9,000. నటుల, దర్శకుల ప్రయాణాలు, టిఫిన్లు 14,000. పోస్టర్లు, కరపత్రాలు 3,500. పోను మిగిలింది 7,500. ఆ డబ్బుతో సొంత లైట్లు కొనడం మొదలుపెట్టాం. నటులకు పారితోషికం ఇంకా ఇవ్వలేకపోతున్నాం. ఆ మాట పాత్ర ఇచ్చే రోజే చెప్పేస్తాం. ఇది మారాలి, మారుస్తాం.

ఉచిత పాసులు ఇవ్వకండి. మొదట్లో బంధువులు నొచ్చుకుంటారు. నేను మా చెల్లెలి దగ్గర కూడా వంద రూపాయలు తీసుకున్నాను. కొన్న టికెట్టుకు మనిషి తప్పక వస్తాడు, ఊరికే ఇచ్చిన పాసు జేబులో ఉండిపోతుంది, కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ప్రచారానికి మెస్సు కన్నా మంచి చోటు లేదు. ప్రతి బల్ల మీది అద్దం కింద నాలుగు నాటకాల పేర్లు, తేదీలు ఉన్న కాగితం పెడతాం. సాంబారు వచ్చేలోపు చదవడానికి సరిపోయేంతే రాయాలి. వడ్డించే కుర్రవాళ్ళను చివరి రిహార్సల్‌కు కూర్చోబెడతాం. “సార్, ఈ వారం నాటకం చాలా బాగుంది, నేను చూశాను” అని వాళ్ళు చెప్పే ఒక్క మాట వంద పోస్టర్లకు సమానం. నచ్చకపోతే చెప్పవద్దని కూడా వాళ్ళకు చెబుతాం. ఒకసారి చెప్పలేదు, ఆ నాటకానికి జనం రాలేదు. వాళ్ళ తీర్పే సరైనదని తర్వాత ఒప్పుకున్నాం.

ఆ సాయంత్రం

ఉపన్యాసాలు వద్దు, శాలువాలు వద్దు, జ్యోతి ప్రజ్వలన వద్దు. మొదటి సీజన్ ప్రారంభం నాడు ఒక ముఖ్య అతిథి కోసం 50 నిమిషాలు ఎదురుచూశాం. గూడూరు నుంచి చంటిబిడ్డతో వచ్చిన ఒక జంట రైలుకు వేళయిందని ఆట మొదలయ్యేలోపే వెళ్ళిపోయారు. వాళ్ళ వంద రూపాయల కాగితాలు రెండూ వెనక్కి ఇచ్చేటప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ రాత్రే నియమం రాసి గోడకు అంటించాం: 6:30కి తలుపు మూస్తాం, ఎవరి కోసమూ తెరవం. ఆలస్యంగా వచ్చినవాళ్ళను కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, మరుసటి ఆటకు టికెట్టు మారుస్తాం. పెద్దవాళ్ళు కోప్పడ్డారు. ఇప్పుడు ఆరుంపావుకే గది నిండుతోంది.

మెట్ల దగ్గర ఒక మనిషి, తలుపు దగ్గర ఒక మనిషి ఉండాలి. చెప్పులు కిందే విడిపించండి, చీకట్లో కాళ్ళకు తగలవు. ఫోన్లు కట్టేయమని రికార్డు చేసిన గొంతుతో చెప్పించకండి. ఆ రోజు నటించే వారిలో ఒకరు మామూలు బట్టల్లో వచ్చి, నమస్కారం పెట్టి అడిగితే ఎవరూ కాదనరు.

తొమ్మిది మందే వచ్చిన రోజు కూడా ఉంది. తాళం వేసి వెళ్ళిపోదామని కుర్రవాళ్ళు అన్నారు. ఆ తొమ్మిది మందినీ ముందు వరుసల్లోకి పిలిచి, 6:30కే మొదలుపెట్టాం. అచ్చు వేసిన తేదీకి ఆట ఆగకూడదు. జ్వరమొస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. ప్రతి పాత్రకూ మాటలు వచ్చిన రెండో మనిషి ఉండాలి. మాకు ఆ పని దర్శకులే చేస్తారు.

ఆట అయ్యాక నటులు వెనక మెట్ల దారిన వెళ్ళిపోకూడదు. మేకప్ తుడుచుకుని కిందికి వచ్చి, ప్రేక్షకుల బల్లల దగ్గరే కూర్చుని భోంచేయాలి. మొదట పులుసు గురించి మాట్లాడతారు, పెరుగన్నం వచ్చేసరికి నాటకం గురించి మాట్లాడతారు. ఎవరు ఏమన్నా వాదించవద్దని, వినమని మా వాళ్ళకు చెబుతాను. ఒకాయన, వడ్ల వ్యాపారి, ఒక నాటకంలో అప్పు పత్రం రాసే పద్ధతి తప్పని చెప్పి, వేలిముద్ర ఎక్కడ వేయాలో చెయ్యి కడుక్కోకుండానే చూపించారు. మరుసటి ఆటకు దిద్దుకున్నాం.

ఆఖరి ఆట మర్నాడే గది ఖాళీ చేయండి. నల్లగుడ్డలు ఉతికి, ఎండలో ఆరేసి, వేపాకు వేసి మడత పెట్టండి. మా గుండిగలు మళ్ళీ పైకి వస్తాయి, వేసవి ముహూర్తాలకు తమ్ముడికి వాటితో పని. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి గది మళ్ళీ కాస్త తెరిపిన పడుతుంది. అప్పుడు ఆదివారం సాయంత్రాలు వచ్చే సీజన్ కోసం స్క్రిప్టులు చదువుతాం. బస్తాల మధ్యనే చాప వేసుకుని కూర్చుంటాం, ఎవరైనా రావచ్చు. వచ్చేటప్పుడు మీ నాటకం రెండు ప్రతులు తెచ్చుకోండి. ఒకటి మీరు చదవడానికి, ఒకటి మేము గీతలు పెట్టడానికి.